లండన్‌లో బ్రౌన్ దొర సమాధి చూడాలంటే

లండన్ వెళ్లిన మనవాళ్లు టవర్ బ్రిడ్జి దగ్గర ఫొటో దిగుతారు, ఓపికుంటే బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలూ చూసొస్తారు. వేమన పద్యాలను ఊరూరా సేకరించి అచ్చువేయించి, మనకు నిఘంటువు రాసిపెట్టిన సి.పి. బ్రౌన్ సమాధి కూడా అదే ఊళ్లో, కెన్సల్ గ్రీన్ సిమెట్రీలో ఉంది. ఒక పూట కేటాయిస్తే చాలు, కానీ కాస్త ముందుచూపు కావాలి.

1. బయల్దేరే ముందే సమాధి నంబరు సంపాదించండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. చెట్లతో నిండిన ఆ శ్మశానపు తోట 72 ఎకరాలు. నడుస్తూ వెతుకుదాంలే అనుకుంటే సాయంత్రానికి కాళ్ల నొప్పులే మిగులుతాయి. సిమెట్రీ ఆఫీసుకు ముందుగా రాయండి. పూర్తి పేరు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్, చనిపోయింది 1884 డిసెంబరు 12న. ఈ రెండూ తప్పకుండా ఇవ్వాలి, ఎందుకంటే బ్రౌన్ అనే పేరు అక్కడ మన రావు, రెడ్డి లాంటిది. సమాధి నంబరు, అది ఏ చదరంలో ఉంది, ఏ వరుసలో ఉంది చెప్పమని అడగండి. వెతికిపెట్టడానికి ఫీజు అడిగినా ఆశ్చర్యపోకండి.

2. చేరుకోవడం

లండన్ మెట్రో రైలు బేకర్లూ లైన్‌లో కెన్సల్ గ్రీన్ స్టేషన్‌లో దిగితే కొద్ది దూరం నడక. ఒక్క జాగ్రత్త: హారో రోడ్డు మీద పక్కనే సెయింట్ మేరీస్ అనే క్యాథలిక్ సిమెట్రీ ఉంది. అది వేరు. గేటు మీద పేరు చదివే లోపలికి అడుగు పెట్టండి.

3. దారిలో ఎవరెవరిని చూడాలి

1833లో తెరిచిన తోట ఇది. ఊరి మధ్య చర్చి ఆవరణలు నిండిపోవడంతో, శివార్లలో చెట్ల మధ్య సమాధులు కట్టే పద్ధతి లండన్‌లో దీనితోనే మొదలైంది. రాజు కొడుకు సస్సెక్స్ డ్యూక్‌ను 1843లో ఇక్కడే పూడ్చాక, పెద్దవాళ్లంతా ఇక్కడే చోటు కావాలన్నారు. హోదా గోల చచ్చాక కూడా వదల్లేదన్నమాట.

నవలలు చదివేవాళ్లయితే థాకరే, ట్రొలోప్, విల్కీ కాలిన్స్ అనే ఇంగ్లిష్ నవలాకారుల కోసం ఆగండి. థాకరేది ఇనుప కంచె మధ్య నేలకు పరిచిన రాయి. 1863 డిసెంబరులో ఆయన అంత్యక్రియలకు డికెన్స్ కూడా వచ్చాడు. కాలిన్స్‌ది రాతి శిలువ. ‘ద వుమన్ ఇన్ వైట్’ రచయిత అని దాని మీదే చెక్కారు. బతికున్నప్పుడే ఆయన రాయించిపెట్టుకున్న మాటలవి.

నాకు మాత్రం ఇక్కడ కలకత్తా గుర్తుకొస్తుంది. థాకరే పుట్టింది అక్కడే, మన బ్రౌన్ పుట్టిందీ అక్కడే. రవీంద్రుడి తాత ద్వారకానాథ్ ఠాగూర్ కలకత్తా నుంచి వచ్చి 1846లో లండన్‌లో చనిపోయి ఇదే తోటలో ఉన్నాడు. ముగ్గురినీ ఒకే పూటలో చూడొచ్చు. అందరినీ చూసెయ్యాలన్న టెన్షన్ మాత్రం పెట్టుకోకండి, నాలుగైదు సమాధులు చాలు.

4. అరిగిన అక్షరాలు చదవడం

ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ కనపడదు. ఫోన్ టార్చిని రాతికి ఆనించినట్టుగా పక్కనుంచి వెయ్యండి. గాడుల్లో నీడ పడి, అప్పటిదాకా లేని అక్షరాలు పైకి తేలతాయి. సుద్ద పూయడం, బ్రష్‌తో రుద్దడం వద్దు. రాళ్లను ఆనుకోనూ వద్దు, చాలా వాటికి పునాది కదిలిపోయింది.

5. మర్యాద

ఇక్కడ ఇప్పటికీ అంత్యక్రియలు జరుగుతున్నాయి. శవవాహనం వస్తే పక్కకు తప్పుకుని, ఫోన్ జేబులో పెట్టుకోండి. పూలు పెట్టొచ్చు, ప్లాస్టిక్ కవరు మాత్రం విప్పెయ్యండి. అగరొత్తులూ కర్పూరం వద్దు, ఎండుటాకులు ఎక్కువ. బ్రౌన్ దగ్గర నిలబడి మీకు వచ్చిన వేమన పద్యం ఒకటి చెప్పుకుంటే ఎవరూ కాదనరు.

6. తిరుగు ప్రయాణం

చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది. గేటు మూసే వేళ ముందే కనుక్కోండి. శ్మశానం నుంచి వస్తే కాళ్లు కడుక్కోనిదే గడప దాటనివ్వని ఇళ్లు మనవి. వాన పడిన రోజు వెళ్లారంటే, ఆ బురద చూసి హోటల్ వాళ్లే ఆ మాట గుర్తుచేస్తారు.