లాన్ తీసేసి తంగేడు పెట్టాలంటే

60 గజాల లాన్ అంటే దాదాపు 50 చదరపు మీటర్లు. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున తడిపినా 250 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకర్ ఇరవై రోజులకు అయిపోతుంది. ఇంతా చేసి, ఎప్పటికప్పుడు కత్తిరించే గడ్డిలో పువ్వే ఉండదు, తేనెటీగ ఎందుకొస్తుంది?

పని ఏప్రిల్‌లో మొదలుపెట్టండి. గడ్డిని మొదలంటా కోసి, నేలను ఒకసారి బాగా తడిపి, పలుచని పారదర్శక ప్లాస్టిక్ షీటు పరవండి. వెలుతురు లోపలికి దిగే రకమే కావాలి. అంచులను మట్టితో మూసేయండి, గాలి దూరితే వేడి నిలవదు. హైదరాబాద్ ఎండకు ఐదారు వారాల్లో గడ్డి మాడిపోతుంది. చెట్టు నీడలో ఇది పనిచేయదు, అక్కడ పారతో చెక్కాల్సిందే.

తుంగ మాత్రం ఈ వేడికి లొంగదు. పైన పట్టి లాగితే ఆకే చేతికొస్తుంది. కింద దారానికి గుచ్చినట్టున్న నల్లటి గడ్డలు అలాగే ఉండి, తొలి వానకే మళ్లీ మొలుస్తాయి. గునపంతో అడుగు లోతు తవ్వి, గడ్డలు ఏరేయండి. ఈ ఓపిక లేకపోతే మిగతా శ్రమంతా వృథా.

మృగశిర కార్తెలో రెండు గట్టి వానలు పడి, నేల జానెడు లోతు తడిశాక నాటండి. ఎండ తగిలేచోట తంగేడు, నాలుగడుగుల దూరంలో. దాని తల్లివేరు కదిలితే మొక్క తట్టుకోదు కాబట్టి, గింజలను వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి నేరుగా విత్తడం మేలు. గోడవారగా అడ్డసరం, ముళ్లగోరింట. కరివేపాకు, నిమ్మ ఉంటే సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. నల్లా దగ్గరి తడి నేలకు, నేలమీద పాకే బొక్కెనాకు సరిపోతుంది, కాస్త తొక్కినా తట్టుకుంటుంది. పిల్లలు ఆడుకునే జాగాలో గరిక ఉంచండి. లాంటానా వద్దు, అదుపు లేకుండా పాకుతుంది.

పెంట ఎక్కువ వేయకండి, ఎర్రనేల మొక్కలకు నాటే గుంటకు రెండు దోసిళ్లు చాలు. మొదళ్ల చుట్టూ రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, కాండానికి మాత్రం తగలనీయకండి. నేలలో గూడు కట్టే తేనెటీగల కోసం రెండడుగుల మేర నేలను ఏమీ కప్పకుండా వదిలేయండి.

మొదటి ఎండాకాలం వారానికోసారి నీళ్లు పోయండి. తంగేడు ఆకులను పచ్చటి గొంగళిపురుగులు తినేస్తుంటే మందు కొట్టకండి, అవే రెక్కలొచ్చి ఎగిరే సీతాకోకచిలుకలు. చెట్టు మళ్లీ చిగురిస్తుంది.