కుక్కపిల్ల పెంపకం – నాలుగవ పాఠం: ఎదిగే పిల్లకు ఎంత వ్యాయామం?

గత పాఠంలో టీకాల క్రమాన్నీ, ఆహారపు వేళలనూ నిర్ణయించుకున్నాం. ఈ పాఠం ముగిసేసరికి మీ కుక్కపిల్ల వయసునూ జాతినీ బట్టి దాని నడక, ఆట ఎంత ఉండాలో మీరే నిర్ణయించుకోగలగాలి. అది ఎప్పుడు అలసిందో దాని తీరు చూసి గుర్తుపట్టగలగాలి. ఈ రెండింటిలో రెండవదే కష్టం, అవసరమూ దానితోనే ఎక్కువ.

ముందు ఎముకల సంగతి తెలుసుకోవాలి. కుక్కపిల్ల కాళ్ల ఎముకలు వాటి కొసల దగ్గర ఉండే మెత్తని మృదులాస్థి పొరల వద్ద పొడవు పెరుగుతాయి. ఆ పొరలు గట్టిపడి ఎముకలో కలిసిపోయేంతవరకు కాలిలో అన్నిటికంటె బలహీనమైన చోటు అదే. అక్కడ దెబ్బ తగిలితే కాలు వంకరగా పెరిగే ప్రమాదం కూడా ఉంది. చిన్న జాతుల్లో ఈ పొరలు సుమారు 8 నుంచి 12 నెలల మధ్య మూసుకుంటాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల్లో 14 నుంచి 18 నెలల దాకా, గ్రేట్ డేన్ వంటి భారీ జాతుల్లో ఇంకా ఆలస్యంగా ఈ మార్పు జరుగుతుంది. ఆరు నెలల లాబ్రడార్ చూపులకు పెద్ద కుక్కలాగే ఉంటుంది కాబట్టి దాన్ని జాగింగుకు తీసుకుపోవాలని అనిపించడం సహజమే, కాని దాని ఎముకలు ఇంకా పసివే. స్కూటీ మీద కూర్చుని గొలుసు పట్టుకుని పిల్లను పక్కన పరిగెత్తించే అలవాటు మన కాలనీల్లో అక్కడక్కడా కనిపిస్తుంది. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి.

వయసు ఎన్ని నెలలో అన్ని ఐదు నిమిషాల చొప్పున, రోజుకు ఒకటి రెండుసార్లు నడిపించాలనే లెక్క మీరు వినే ఉంటారు. నాలుగు నెలల పిల్లకు ఈ లెక్కన ఒక్కో విడతకు 20 నిమిషాలు వస్తుంది. దీని వెనుక గట్టి పరిశోధన ఏదీ లేదు. అయినా, గొలుసు కట్టి సిమెంటు రోడ్డు మీద మన వేగంతో నడిపించే నడకకు పైహద్దుగా దీన్ని పెట్టుకోవడంలో తప్పు లేదని నా అభిప్రాయం. పిల్ల తనంత తాను గడ్డిలో తిరుగుతూ, వాసన చూస్తూ, మనసైనప్పుడు కూర్చుంటూ ఆడుకునే ఆటకు మాత్రం ఈ గడియారం అక్కర్లేదు.

ఈ తేడా ఊరికే చెప్పడం లేదు. న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్, లియోన్‌బెర్గర్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ జాతుల పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించిన నార్వే పరిశోధన ఒకటి 2012లో వెలువడింది. మూడు నెలలు నిండకముందు రోజూ మెట్లు వాడిన పిల్లల్లో తుంటి కీలు సరిగా అమరని జబ్బు ఎక్కువగా కనిపించింది. మెత్తని నేల మీద గొలుసు లేకుండా స్వేచ్ఛగా తిరిగిన పిల్లల్లో తక్కువగా కనిపించింది. వంశపారంపర్యం, అధిక బరువు కూడా ఆ జబ్బుకు కారణాలే. అయినా మెట్లూ నేలా మన చేతిలో ఉన్న విషయాలు కాబట్టి వాటి దగ్గర జాగ్రత్త పడదాం. అపార్ట్‌మెంటులో ఉండేవారు పసిపిల్లను ఎత్తుకునో, లిఫ్టులోనో కిందికి దించాలి. గ్రానైటు, టైల్స్ నేల మీద కాళ్లు జారుతుంటాయి కనుక అది పరిగెత్తే దారిలో రబ్బరు చాపలో, పాత జంపఖానాలో పరచాలి. సోఫా మీది నుంచి దూకనివ్వకూడదు.

ఎక్కడ తిప్పాలి? సుమారు 16 వారాల వయసులో ఇచ్చే టీకా పడి, వైద్యులు సరేననేవరకు వీధికుక్కలు తిరిగే నేల మీద దింపకూడదు. కుక్కపిల్లల ప్రాణం తీయగల వాంతులు, విరేచనాల జబ్బును తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అలాగని ఇంట్లోనే బంధించడమూ తగదు. పిల్ల లోకాన్ని భయం లేకుండా అలవాటు చేసుకునే వయసు మూడవ వారం నుంచి సుమారు పద్నాలుగవ వారం దాకానే ఉంటుంది. అందువల్ల దాన్ని ఎత్తుకుని గేటు దాకా తీసుకుపోండి. ఆటోలనూ, కూరగాయల బండినీ, దూరం నుంచి బోనాల డప్పునూ చూపించండి, వినిపించండి. ఇది కూడా వ్యాయామమే, మెదడుకు. టీకాలు పూర్తయ్యాక గడ్డి ఉన్న కాలనీ పార్కులో అనుమతి ఉంటే పొడవాటి తాడు కట్టి వదలవచ్చు. హైదరాబాదు కొండాపూర్‌లో నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ 2018లో కుక్కల కోసమే ప్రత్యేకంగా పార్కు ఏర్పాటు చేసింది. కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానవనం కాబట్టి అక్కడికి పెంపుడు కుక్కలను తీసుకుపోకూడదు.

హైదరాబాదు ఎండల్లో నిమిషాల లెక్క కంటె వేళ ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు లోపు, రాత్రి నేల చల్లబడ్డాక మాత్రమే బయటికి తీయండి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టేవరకు ఉంచలేకపోతే ఆ నేల పిల్ల పాదాలకు పనికిరాదు. కుక్క శరీర ఉష్ణోగ్రత మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. 106 దాటితే ప్రాణాపాయం. పగ్, షీట్జూ వంటి పొట్టిముక్కు జాతులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. విపరీతంగా రొప్పుతూ, తూలుతూ, చిక్కటి చొంగ కారుస్తుంటే నీడకు చేర్చి, చల్లని నీటితో ఒళ్లు తడిపి, ఫ్యాను గాలి తగిలిస్తూ వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

ఇక అలసటను గుర్తించడం. పిల్ల మీ వెనకబడటం, కూర్చుండిపోవడం, ఇంటివైపు తిరగడం, వెనుక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం, ఇవన్నీ ఆపమని చెప్పడమే. అక్కడి నుంచి దాన్ని ఎత్తుకుని రండి. చాలామంది పొరబడే గుర్తు మరొకటి ఉంది: సాయంత్రం పిల్ల ఇల్లంతా పరిగెత్తుతూ చేతులు కొరుకుతుంటే వ్యాయామం చాలలేదనుకుని మళ్లీ తిప్పుతారు. తరచుగా అది నిద్ర చాలని పిల్ల చేసే గోల. పసిపిల్లకు రోజుకు 18 నుంచి 20 గంటల నిద్ర కావాలి. గది చీకటి చేసి పడుకోబెట్టి చూడండి. మర్నాటి ఉదయం లేవగానే కుంటితే ఆ రోజు నడక మానాలి. కుంటు ఒక రోజు దాటినా, మధ్యలో తగ్గి మళ్లీ వచ్చినా వైద్యునికి చూపించాలి.

టీకాలు పూర్తయిన నాలుగు నెలల లాబ్రడార్‌కు నేను సూచించే రోజు ఇలా ఉంటుంది: ఉదయం ఆరున్నరకు పదిహేను నిమిషాలు, దానికి నచ్చినంత వాసన చూడనిస్తూ నడక, ఇంటికొచ్చి అరగంట ఆగాక తిండి, ఆపై నిద్ర. మధ్యాహ్నం ఐదు నిమిషాలు కూర్చో, ఆగు వంటి మాటల అభ్యాసం, లేదా పాత తువ్వాలు మడతల్లో దాచిన గింజల తిండిని వెతికించడం. సాయంత్రం గడ్డి మీద ఇష్టం వచ్చినట్టు ఆట. బంతిని పదే పదే విసిరి పరిగెత్తించడం ఈ వయసులో వద్దు. గిరుక్కున తిరిగి ఆగే ఆ కదలికే కీళ్లకు భారం.

ఈ వారం అభ్యాసం: ఒక నోటుపుస్తకంలో రోజూ నడక మొదలైన వేళ, నేల రకం, పిల్ల తనంత తాను మొదటిసారి ఆగింది ఎన్ని నిమిషాలకు, మర్నాడు లేవగానే ఎలా నడిచింది అనే నాలుగు విషయాలు రాయండి. వారం చివర ఆ మొదటిసారి ఆగిన నిమిషాల్లో అతి తక్కువదాన్ని తీసుకుని, దానికి రెండు నిమిషాలు తగ్గించి, తర్వాతి వారపు గొలుసు నడకను అక్కడికే పరిమితం చేయండి.