టెంట్ కారిందా? ముందు కింద చూడండి

మాది ఒడిశాలోని జయపురం. ఏప్రిల్, మే వచ్చాయంటే విశాఖ, విజయనగరం కార్లు సాలూరు ఘాట్ ఎక్కి, పొట్టంగి దాటి, టెంట్ వేసుకుని పడుకోడానికి దేవమాలి కొండకి వరస కడతాయి. ఆ నెలల్లో పగలంతా ఎండ మాడ్చి, సాయంత్రానికి ఉరుములూ ఈదురుగాలీ దిగడం ఇక్కడ మామూలే. కాలబైశాఖి అంటారు. తెల్లారగానే నాకు ఫోన్: "అన్నా, టెంట్ కారిపోయింది, ఏది కొనమంటావు?"

కొనకండి. తడి ఎక్కడుందో ముందు చేత్తో తడిమి చూడండి. ఎవరూ చెయ్యని పని ఇదొక్కటే.

గోడలు తడి, నేల పొడి. లోపలివైపు అంతటా సన్న చుక్కలుంటే అది వాన కాదు, మీ ఊపిరే. పైనున్న గాలి కిటికీ కాస్త తెరవండి. ఒకేచోట బొట్లు పడుతుంటే వాన ఆపే పైగుడ్డ లోపలిగుడ్డకి తగులుతోందని అర్థం. నైలాన్ తడిస్తే సాగుతుంది, వాన మొదలయ్యాక ఒకసారి బయటికెళ్లి తాళ్లు బిగించాల్సిందే.

గోడలు పొడి, నేల తడి. నా డబ్బు తగలేసింది ఇదే. మొదటి టెంట్ కుట్లకి జిగురు రాశాను. అయినా తడిసింది. టెంటే మార్చాను. కొత్తదీ తడిసింది. ఒక రాత్రి రెండింటికి మా బావ టార్చ్ పట్టుకుని చుట్టూ తిరిగి, "ఇటు రా ఒకసారి" అన్నాడు. టెంట్ కింద పరిచిన నీలం టార్పాలిన్ వెనకవైపు జానెడు బయటికి ఉంది. పైగుడ్డ మీంచి జారిన నీళ్లన్నీ దానిమీదే పడి, సరాసరి మా పరుపు కిందికి పోతున్నాయి. చూరు కింద చాట పెట్టి పట్టినట్టు!

టార్పాలిన్ నీళ్లని కిందికి ఇంకనివ్వదు. టెంట్‌కీ దానికీ మధ్య నీళ్లు నిలుస్తాయి. నేలగుడ్డ కాసేపు ఆపుతుంది గానీ, పడుకున్నవాళ్ల మోకాలు, మోచెయ్యి నొక్కుకున్నచోట లోపలికి ఊరుతుంది. అందుకే పొద్దున మనిషి ఆకారంలో తడి కనిపిస్తుంది. టార్పాలిన్ పెద్దదైతే మంచిదనుకుంటాం, అక్కడే దెబ్బతింటాం.

టార్పాలిన్ అంచు చుట్టూ రెండు మూడు అంగుళాలు టెంట్ లోపలికే ఉండాలి. మిగిలింది కిందివైపుకి మడవండి. మడత పైకి పెడితే అదే కాలవ అవుతుంది. అర్ధరాత్రి కనిపెట్టారా, టెంట్ పీకక్కర్లేదు. ఎత్తువైపు రెండు మేకులు తీసి, అంచు ఎత్తి, టార్పాలిన్‌ని లోపలికి మడిచి తోసి, మళ్లీ దిగ్గొట్టండి. ఎంతకీ కుదరకపోతే దాన్ని లాగేసి, తుడిచి టెంట్ లోపల పరుచుకోండి.

గాలికి మేకులు ఊడుతున్నాయి. నిలువుగా కొట్టి ఉంటారు. మేకు తల టెంట్‌కి దూరంగా, అవతలివైపుకి వాలేలా ఏటవాలుగా కొట్టండి. నానిన ఎర్రమట్టి పట్టు వదిలేస్తుంది, మేకు మీద ఓ పెద్ద రాయి పెట్టండి. రాళ్లకి అక్కడ కరువు లేదు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 అంకెలు లెక్కపెట్టలేకపోతున్నారు. ఇది రిపేరు చేసే విషయం కాదు. 1,672 మీటర్ల బోడికొండ మీద టెంట్ మిమ్మల్ని పిడుగు నుంచి కాపాడదు. కార్లోకి వెళ్లి అద్దాలు పూర్తిగా ఎత్తి, లోపలి ఇనుము ముట్టుకోకుండా కూర్చోండి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే దిగండి. "ఇక్కడ నిద్ర పట్టదురా" అనే మామయ్యని కూడా దిగనివ్వొద్దు.

ఇసుక మెత్తగా ఉందని ఎండిన గెడ్డలో, అంటే వాగులో, టెంట్ వేశారా? పైన కొండమీద వాన పడితే చాలు, నీళ్లు మీదికొచ్చేస్తాయి. చీకటి పడకముందే మార్చేయండి.

జిప్ పాడవడం, నేలగుడ్డకి చిల్లి, టెంట్ నిలబెట్టే పుల్ల విరగడం అరుదు. చిల్లికి టేపు, పుల్లకి పక్కన కర్ర కట్టి పడుకోండి.