రోగభారం లెక్కలు, 5వ పాఠం: చూడాల్సింది కింది గీత

ఈసారి జబ్బుతో బతికిన ఏళ్ల లెక్క మొదలుపెట్టాలి. కానీ పోయిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక ముందు వేరే పని పడింది. మరణ కారణం అన్నచోట సగానికి పైగా ఒకటే రాశారు: గుండె ఆగిపోవడం. గుండె ఆగకుండా ఎవరు పోతారండీ?

మరణ కారణం రాసి ఆసుపత్రి ఇచ్చే ఫారం 4 మళ్లీ తీయండి. మొదటి భాగంలో ఏ, బీ, సీ గీతలున్నాయి. ప్రాణం పోయేముందు చివరగా వచ్చిపడిన ఇబ్బంది ఏ. దానికి దారితీసింది బీ. అసలు కథ మొదలైంది సీ దగ్గర. మనకు కావలసింది నింపినవాటిలో అన్నిటికంటే కింది గీత. నేనైతే ఫారాన్ని కిందినుంచి పైకే చదువుతాను, తప్పు ఇట్టే దొరుకుతుంది.

కావలి దగ్గర హైవే మీద బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడు, నెల రోజులు మంచంలో ఉండి న్యుమోనియాతో పోయాడనుకోండి. పై గీతలో న్యుమోనియా ఉంటుంది. కారణం మాత్రం రోడ్డు ప్రమాదం. పొదలకూరు నిమ్మతోటలో రక్తపింజరి కరిచి, కిడ్నీలు పాడై డయాలసిస్ మీద పోయిన రైతుది పాముకాటు మరణం, కిడ్నీ జబ్బు పద్దులో వేయకండి. షుగర్ పుండు కుళ్లి, కాలు తీసేసి, చివరికి సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసి, పోయినా కారణం షుగరే.

"ఏదైతేనేం, మనిషి పోయాడు కదా" అని ఒకరు రాశారు. పోయాడు, నిజమే. హెల్మెట్ తనిఖీకి ఖర్చుపెట్టాలా, పాము విషానికి విరుగుడు మందుకా అన్నది తేల్చేది మరి ఈ గీతే. గుండె ఆగడం, సెప్సిస్, ముసలితనం లాంటివాటిని ఈ రంగంలో చెత్త కోడ్‌లంటారు. వాటిని పారేయరు, మిగతా సమాచారాన్ని బట్టి అసలు కారణాలకు పంచుతారు. అంటే కింది గీతలో గుండె ఆగడం అని రాస్తే మన కుర్రాడి చావు ఒక అంచనాలో కలిసిపోతుంది.

చావువల్ల కోల్పోయిన ఏళ్ల సంగతి మీకు తెలిసిందే: చావుల సంఖ్యను ఆ వయసుకు ఇంకా మిగిలిన ఆయుష్షుతో గుణించడం. ముందుకు పోదాం.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరునీళ్లు తాగి నడుం బిగుసుకుపోయినవాళ్లను చూసే ఉంటారు. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు, ఈ ప్రాంతపు ఫ్లోరోసిస్, గురించి 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది, అప్పటికి ఇదంతా నెల్లూరు జిల్లా. అయినా చావు ఫారంలో ఏ గీతలోనూ అది కనపడదు. ఇలాంటి బాధనూ లెక్కలోకి తేవడానికే 1990ల మొదట్లో క్రిస్టఫర్ ముర్రే, అలన్ లోపెజ్ అనే పరిశోధకులు డాలీ (ఇంగ్లీషులో DALY) అనే కొలతను తెచ్చారు. కోల్పోయిన ఏళ్లకు జబ్బుతో బతికిన ఏళ్లు కలిపితే డాలీ.

జబ్బు తీవ్రతకు 0 నుంచి 1 దాకా ఒక బరువు ఇస్తారు. 0 అంటే పూర్తి ఆరోగ్యం, 1 చావుతో సమానం. లెక్క నేర్చుకోవడానికి నడుం పట్టేసిన స్థితికి 0.2 అనుకుందాం. ఊళ్లో అలాంటివాళ్లు 100 మంది ఉంటే, ఏడాదికి 20 ఏళ్ల ఆరోగ్యం పోయినట్టు. ఈ బరువులు మొదట్లో నిపుణులు కూర్చుని తేల్చేవారు. ప్రపంచ రోగభారం మీద చేసిన 2010 అధ్యయనానికి మాత్రం బంగ్లాదేశ్, పెరూ లాంటి దేశాల్లో మామూలు జనాన్ని అడిగారు: ఇద్దరి పరిస్థితి వివరించి, వీళ్లలో ఎవరు ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నట్టు అని. నాకు ఈ పద్ధతే నచ్చింది.

అభ్యాసం: మీ వీధిలో గత రెండేళ్లలో పోయిన ఐదుగురి గురించి ఇంట్లోవాళ్లను అడిగి ఏ, బీ, సీ నింపండి. ఏడాది తిరగని ఇంటికి వెళ్లకండి. మొదట జ్వరమా, దెబ్బా, ఆయాసమా, ఎన్నాళ్లు మంచంలో ఉన్నారు, ఏం మందులు వాడారు అన్న వరసలో అడగండి. ఐదింటిలో ఒక్కదాంట్లో గుండె ఆగిపోవడం కింది గీతలో కనిపించినా ఆ కాగితం వెనక్కి పంపేస్తాను.