ఏఐతో మాట్లాడటం, నాలుగో పాఠం: కుదరదు అన్నప్పుడు

గత పాఠంలో ప్రశ్నను విడగొట్టి అడగటం నేర్చుకున్నాం. ఈసారి ఏఐ మొహమాటం లేకుండా ‘కుదరదు’ అనే సందర్భం.

గుంటూరు బ్రాడీపేటలో నా సాయంత్రం తరగతికి వచ్చే ఒక తండ్రి సంగతి చెబుతాను, ఆనవాళ్లు మార్చాను. తొమ్మిదో తరగతి చదివే కూతురి ముఖాన్ని ఎవరో అసభ్యమైన ఫొటోకు అతికించి, డబ్బు పంపకపోతే బంధువులందరికీ పంపుతామని బెదిరించారు. ఆయన కంగారులో ఆ ఫొటోనే ఏఐకి ఎక్కించి, ‘ఇది నకిలీదని నిరూపించు’ అన్నారు. అది ఫొటో జోలికే వెళ్లలేదు. ‘పాపను కాపాడమంటే నన్నే దొంగలా చూసిందండీ’ అని ఆయన బాధ.

బాధ న్యాయమైనదే. కానీ ఆ ఫొటోతో తండ్రీ రావచ్చు, బెదిరించినవాడూ రావచ్చు. తెర వెనక ఎవరున్నారో ఏఐకి కనిపించదు. అందుకే కథ కోసమన్నా, పరిశోధన కోసమన్నా పిల్లలను లైంగికంగా చూపే రాతలూ బొమ్మలూ తయారు చేయకుండా దానికి శిక్షణ ఇస్తారు. దానిపైన విడిగా మరో వడపోత ఉంటుంది: మనం పంపేదాన్నీ, అది ఇవ్వబోయేదాన్నీ పరిశీలిస్తుంది. ఇక ఇదివరకే బయటపడిన పాత చిత్రాలకు వేలిముద్రల పద్ధతి: ఒక్కో చిత్రం నుంచి ఒక గుర్తును లెక్కగట్టి దాచుకుని, కొత్తగా వచ్చే చిత్రాలతో పోల్చి చూస్తారు. 2009లో వచ్చిన ఫొటోడీఎన్‌ఏ ఇలాంటిదే. చిత్రం సైజు మార్చినా గుర్తుపడుతుంది. అయితే కొత్తగా పుట్టించిన చిత్రానికి పాత వేలిముద్ర ఉండదు కాబట్టి, అక్కడ వడపోతే దిక్కు.

మన చట్టమూ గట్టిదే. 2019 సవరణతో, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం నిజమైన బిడ్డలా కనిపించే కంప్యూటర్ బొమ్మను కూడా లెక్కలోకి తీసుకుంది. ఇలాంటి చిత్రాలను ఇతరులకు పంపితే, ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద మొదటిసారి నేరానికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా పడవచ్చు. కాబట్టి సాక్ష్యం పేరుతో ఆ ఫొటోను బావమరిదికో, వార్డు వాట్సాప్ గ్రూపుకో పంపవద్దు.

ఇప్పుడు అసలు విద్య: ఫొటో పెట్టకుండా మాటల్లో అడగటం. ఆ తండ్రితో ఇలా రాయించాను:

‘నా కూతురికి పద్నాలుగేళ్లు. మార్ఫింగ్ ఫొటోతో డబ్బు అడుగుతూ బెదిరిస్తున్నారు. ఫొటో నీకు ఇవ్వను. ఈ రాత్రి ఏం చేయాలి? పాపతో మొదటి మాట ఏం మాట్లాడాలి?’

అదే ఏఐ ఈసారి ఓపికగా చెప్పింది. డబ్బు పంపవద్దు. చాట్ చెరిపేయవద్దు. యూజర్‌నేమ్, లింకు, సమయం కాగితం మీద రాసుకోండి. ఫోను తీసుకుని పోలీసుల దగ్గరికి వెళ్లండి. పిల్లల సహాయ నంబరు 1098కి గానీ, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి గానీ ఫోన్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలపై నేరాలకు విడిగా విభాగం ఉంది; అక్కడ పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. ఫోన్ నంబర్లను మాత్రం నేను మళ్లీ సరిచూశాను. ఏఐ నంబర్లు తప్పు చెప్పటం మనం రెండో పాఠంలోనే చూశాం.

పాపతో మొదటి మాటగా అది సూచించినది ఆయన తన పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకున్నారు: ‘తప్పు నీది కాదమ్మా.’

అభ్యాసం: మీ అబ్బాయికి ఆటల యాప్‌లో ఒక అపరిచితుడు ‘ఇంట్లో చెప్పకు’ అంటూ ఫొటో అడిగాడనుకోండి. ఏ చిత్రమూ జోడించకుండా, అబ్బాయి పేరు, బడి పేరు లేకుండా నాలుగు వాక్యాల్లో ప్రశ్న రాయండి. వచ్చే వారం అందులో ఏ మాటలు తీసేయవచ్చో చూద్దాం.