ఊరి గ్రంథాలయంలో ఆఫ్రికన్ తత్త్వశాస్త్రం: పఠన బృందం నడుపుకోవడం ఎలా

గోదావరి డెల్టా ఊళ్లలో న్యాయం గురించి, ఊరి కట్టుబాట్ల గురించి కలిసి ఆలోచించాలనుకునే ఉపాధ్యాయులు, విద్యార్థులు, గ్రంథాలయ పాఠకులు ఆఫ్రికన్ తత్త్వవేత్తలను చదవడానికి పూనుకుంటే మొదటి సలహా ఒకటే: ‘ఉబుంటు’తో, అంటే మనిషి తోటివారి వల్లే మనిషి అవుతాడనే దక్షిణాఫ్రికా భావనతో, మొదలుపెట్టకండి. కెన్యాకు చెందిన జాన్ ఎంబిటి 1969లో రాసిన ‘మనం ఉన్నాం కాబట్టి నేను ఉన్నాను’ అనే భావం గల వాక్యం వినగానే అందరి తలలూ ఊగుతాయి. ఊరు ఒకచోట, దళితుల పేట ఒకచోట ఉన్న మన గ్రామాల్లో ఆ ‘మనం’లో ఎవరెవరు ఉన్నారని అడగకుండానే అందరూ సమ్మతిస్తే, ఆ చదువు అక్కడితో ఆగిపోతుంది. అందుచేత ఉబుంటును చివరికి ఉంచుకోవాలి.

బృందం చిన్నదిగా, ఎనిమిది పది మందికి మించకుండా ఉండాలి. అందులో సొంత భూమి ఉన్న రైతుతోపాటు మక్తా కట్టే కౌలు రైతు, ఊడ్పులకు వెళ్లే మహిళలు, పేట యువకులు తప్పనిసరిగా ఉండాలి. వారు లేకపోతే బృందాన్ని మొదలుపెట్టకపోవడమే మేలు. సార్వా (ఖరీఫ్ వరి) ఊడ్పులు ముగిశాక సాయంత్రాలు అనుకూలంగా ఉంటాయి. మూల రచనలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి, చదవగలిగినవారు ఒక్కో వాదాన్ని రెండు పేజీల తెలుగులో ముందే రాసుకొచ్చి, అందరికీ వినిపించి, ఆ తర్వాత చర్చకు వదిలిపెట్టాలి.

మొదటి సమావేశానికి బెనిన్ తత్త్వవేత్త పాలిన్ హూంటోంజీని తీసుకోండి. బెల్జియం మతప్రచారకుడు ప్లాసిడ్ టెంపెల్స్ కాంగోలో పనిచేసి 1945లో ‘బంటూ తత్త్వశాస్త్రం’ అనే పుస్తకం ప్రచురించాడు. ఒక జాతి మొత్తానికీ, ఆ జాతివారికే స్పష్టంగా తెలియని ఒకే తత్త్వం ఉందన్న ఆ ధోరణిని హూంటోంజీ తీవ్రంగా విమర్శించాడు. తత్త్వమంటే జాతి నమ్మకాల మూట కాదని, పేరున్న మనుషులు బాధ్యతతో చేసే వాదమని, ఆ వాదాన్ని మరొకరు ఖండించగలగాలని ఆయన పట్టుబట్టాడు. దీన్నుంచి బృందానికి ఒక నియమం పెట్టుకోవచ్చు. ‘ఆఫ్రికావారు ఇలా నమ్ముతారు’ అని ఎవరూ అనకూడదు. ఎవరు, ఏ దేశంలో, ఎవరికి సమాధానంగా అన్నారో చెప్పాలి. మన గురించి మాట్లాడేటప్పుడూ ‘మా ఊళ్లో అందరూ ఇలాగే అనుకుంటారు’ అనే మాటకు అదే నియమం వర్తిస్తుంది.

ఆ తర్వాత మెంకిటి, గ్యెక్యేల వాదానికి వెళ్లాలి. ఎక్కువ సమయం కేటాయించవలసింది దీనికే. నైజీరియాలో పుట్టిన ఇఫియాన్యి మెంకిటి 1984 నాటి వ్యాసంలో, మనిషి పుట్టుకతోనే పూర్తి వ్యక్తి కాడనీ, సమాజంలో తన బాధ్యతలు నెరవేర్చడం ద్వారా క్రమంగా వ్యక్తిత్వాన్ని సంపాదించుకుంటాడనీ, వ్యక్తి కంటే సమాజానిదే ముందు స్థానమనీ వాదించాడు. ఘనాకు చెందిన క్వామే గ్యెక్యే ఇందుకు ఒప్పుకోలేదు. సమాజం మనిషిని తీర్చిదిద్దుతుంది గాని పూర్తిగా కాదని, మనిషికి స్వయంగా ఆలోచించే శక్తి, మంచిచెడులు తూచే శక్తి ఉన్నాయి కాబట్టి తన సమాజపు పద్ధతులనే పరిశీలించి తిరస్కరించగలడని, అతని హక్కులకు ఆధారం అక్కడే ఉందని ఆయన సమాధానం. మనుషులందరూ దేవుని బిడ్డలే, ఎవరూ నేల బిడ్డలు కారు అనే అర్థం గల, ఘనాలోని అకాన్ ప్రజల సామెతను ఆయన మానవ గౌరవానికి సాక్ష్యంగా చూపాడు. అంటే వ్యక్తి హక్కుల మాట బయటి నుంచి తెచ్చిపెట్టుకున్నది కాదని, దానికి తన సంప్రదాయంలోనే వేళ్లున్నాయని చెప్పడం ఆయన ఉద్దేశం.

ఈ వాదాన్ని మన నేల మీద పరీక్షించడానికి పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రును గుర్తుచేసుకోవాలి. 2017లో అక్కడ అంబేడ్కర్ విగ్రహ వివాదం తర్వాత దళితులు సాంఘిక బహిష్కరణను ఎదుర్కొన్నారు. బహిష్కరణ అంటేనే ఒక సమూహం ఒక్కమాట మీద నిలబడి చేసే పని. అటువంటప్పుడు సమాజానిదే ముందు స్థానమనే సిద్ధాంతం ఎవరి పక్షాన నిలుస్తుందో, ఆ కట్టుబాటును ఉల్లంఘించి పేటవారిని పనికి పిలిచిన రైతు ఒకడుంటే మెంకిటి లెక్కలో అతని వ్యక్తిత్వం పెరిగినట్టా తరిగినట్టా అని బృందం నిదానంగా చర్చించాలి. మెంకిటిని సమర్థించే వారికి కూడా పూర్తి అవకాశం ఇవ్వండి. బాధ్యత నెరవేర్చనివాడు హక్కుల గురించి మాట్లాడటంలో అర్థమేమిటన్న ఆయన పక్షపు ప్రశ్న తేలికైనది కాదు. నా మటుకు నేను గ్యెక్యే వైపే నిలబడతాను, ఎందుకంటే కట్టుబాటును ప్రశ్నించే మనిషికి చోటు లేని సమష్టితత్వం బలవంతుల చేతి పనిముట్టు కాకుండా ఉండటం నేను ఎక్కడా చూడలేదు.

మూడో అంశం ఘనా తత్త్వవేత్త క్వాసీ విరెడు చెప్పిన ఏకాభిప్రాయ ప్రజాస్వామ్యం. దీన్ని చదవడం కంటే చేసి చూడటం మంచిది. ఘనాలోని అశాంతీ ప్రజల్లో వంశ పెద్దల సభలు ఓట్లు లెక్కించకుండా, అందరికీ సమ్మతమైన నిర్ణయం కుదిరేదాకా మాట్లాడేవని విరెడు వివరించాడు. అందరి అభిప్రాయం ఒకటే కావాలని ఆయన అనలేదు; అభిప్రాయ భేదం మిగిలి ఉన్నా, ఇప్పుడు చేయవలసిన పని మీద ఒప్పందం కుదిరితే చాలన్నాడు. మెజారిటీ ఓటులో ఓడినవారి మాటకు నిర్ణయంలో చోటే ఉండదన్నది ఆయన అభ్యంతరం.

దీనికి మన దగ్గర సిద్ధంగా ఉన్న సమస్య దాళ్వా (రబీ వరి) నీరు. ధవళేశ్వరం దగ్గర నదిలో ప్రవాహం తగ్గిన ఏడాది కాలువలకు వంతులవారీగా నీరు వదులుతారు. ఎగువ పొలాలు తడిసినా శివారు భూములకు నీరు అందదు. బృందంలో ఒకరు ఎగువ రైతుగా, ఒకరు శివారు రైతుగా, ఒకరు చేపల చెరువు యజమానిగా, ఒకరు లస్కరుగా (కాలువ నీటిని చూసుకునే ఉద్యోగిగా), ఒకరు తాగునీటి కోసం ఎదురుచూసే ఇల్లాలుగా కూర్చోవాలి. ఎవరూ తమ నిజజీవితపు పాత్రను తీసుకోకూడదు. మొదట మాట్లాడే అవకాశం శివారు రైతుకు ఇవ్వాలి, ఎందుకంటే చివర మాట్లాడేవారు సాధారణంగా అప్పటికే కుదిరిన ఒప్పందానికి తల ఊపడానికే మిగులుతారు. ఓటింగు లేకుండా ఒక నిర్ణయానికి వచ్చి, దాన్ని కాగితం మీద పెట్టాలి. ఆ తర్వాత నైజీరియా తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ ఎజె చేసిన విమర్శను చదవండి: అందరి ప్రయోజనాలూ లోలోపల ఒకటేనని విరెడు అనుకోవడం సరికాదని ఆయన వాదం. రాసుకున్న కాగితాన్ని ఆ వెలుగులో మళ్లీ చూసుకుంటే, ఎవరి నష్టం సర్దుబాటు పేరుతో దాగిపోయిందో బయటపడుతుంది. నోటిమాట మీద కౌలు చేసే రైతు పేరు చాలాసార్లు రికార్డుల్లోకి ఎక్కదు కాబట్టి, అతను అసలు ఆ సభలో ఉండేవాడా అనే ప్రశ్నను ఎవరో ఒకరు తప్పక లేవనెత్తాలి.

కెన్యా తత్త్వవేత్త హెన్రీ ఒడెరా ఒరుకా పద్ధతిని ఇంటిపనిగా ఇచ్చుకోవచ్చు. ఆయన ఊళ్లలోని వివేకవంతులను కలిసి, సంప్రదాయాన్ని చక్కగా అప్పజెప్పేవారిని, దాన్ని తమ బుద్ధితో ప్రశ్నించి తీర్పు చెప్పేవారిని వేరుచేసి చూపాడు. మనవాళ్లు కూడా ఊడ్పుల మేస్త్రీ దగ్గరికి, పదవీ విరమణ చేసిన లస్కరు దగ్గరికి వెళ్లి, న్యాయమైన కూలి అంటే ఏమిటని, తగవు తీర్చేటప్పుడు పెద్దమనుషులు ఎవరి మాట వింటారని అడగాలి. సమాధానం రాసుకుని వచ్చేయకూడదు; ‘ఎందుకలా?’ అని, ‘అదే మీ అమ్మాయికి జరిగితే?’ అని మర్యాదగా ఎదురు ప్రశ్న వేయాలి. వారి అనుమతి లేకుండా మాటలు రికార్డు చేయకూడదు.

ఉబుంటు దగ్గరికి ఇప్పుడు రావచ్చు. వర్ణవివక్ష పాలన నుంచి బయటపడుతున్న దక్షిణాఫ్రికా 1993 తాత్కాలిక రాజ్యాంగం చివరి భాగంలో ప్రతీకారం కాదు, ఉబుంటు అవసరమని రాసుకున్నారు. 1995లో రాజ్యాంగ న్యాయస్థానం మరణశిక్షను రద్దుచేస్తూ వెలువరించిన తీర్పులో పలువురు న్యాయమూర్తులు ఈ భావాన్ని ఆధారంగా తీసుకున్నారు. 1996లో ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన, వర్ణవివక్ష కాలపు అకృత్యాలను బయటపెట్టడానికి ఏర్పడిన సత్య సమన్వయ కమిషన్ విచారణలు మొదలయ్యాయి. రాజకీయ కారణంతో చేసిన నేరాన్ని పూర్తిగా వెల్లడిస్తే క్షమాభిక్ష దొరికేది; పశ్చాత్తాపం చూపడం షరతు కాదు. పోలీసు నిర్బంధంలో చనిపోయిన వర్ణవివక్ష వ్యతిరేక నాయకుడు స్టీవ్ బికో కుటుంబం ఈ క్షమాభిక్షను కోర్టులో సవాలు చేసి 1996లో ఓడిపోయింది. బాధితులకు 2003లో ప్రకటించిన 30,000 రాండ్ల ఏకమొత్తం కమిషన్ సిఫారసు చేసినదానికంటే చాలా తక్కువ. క్షమాభిక్ష పొందనివారిపై జరగవలసిన విచారణలు కూడా కొద్దిగానే జరిగాయి.

ఈ వివరాలన్నీ తెలిశాక, అట్రాసిటీ కేసు పెట్టిన కుటుంబం దగ్గరికి పెద్దమనుషులు వచ్చి ‘ఊరంతా ఒకటే కదా, రాజీపడండి’ అన్నప్పుడు ఏమడగాలో బృందం జాబితా రాసుకోవాలి. జరిగింది జరిగినట్టు అందరి ముందు ఒప్పుకున్నారా, పనులు పోతాయన్న భయం లేకుండా బాధితులు సమ్మతించారా, నష్టపరిహారం ఎవరు, ఎప్పటిలోగా ఇస్తారు, మాట తప్పితే దారేమిటి అన్న ప్రశ్నలు అందులో ముందుండాలి. దాళ్వా వంతులు ఖరారయ్యే లోపు ఈ జాబితాను, నీటి సభ కాగితాన్ని శుభ్రంగా తిరగరాసి, ఒక ప్రతి గ్రంథాలయంలో, ఒక ప్రతి పేటలోని కమ్యూనిటీ హాలులో ఉంచండి.