దసరా సరుకులకు డిస్కౌంట్ మార్ట్‌కు పోయే ముందు

బతుకమ్మ మొదలైతే నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు మార్టుల్లో ట్రాలీ తిప్పే సందు కూడా దొరకదు. పోయే ముందు ఇవి గుర్తుపెట్టుకోండి.

– నూనె ప్యాకెట్ మీద ధర కన్నా ముందు బరువు చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే అదే సైజులో కనిపించే ప్యాకెట్‌లో 800 గ్రాములో, 750 గ్రాములో ఉండొచ్చు. పది రూపాయలు తక్కువని డజను తెస్తే నష్టం మనకే. ఎంఆర్‌పీ దగ్గర గ్రాము ధర కూడా ముద్రిస్తారు, కానీ అది ఎంఆర్‌పీ లెక్క. ఆఫర్ ధరను బరువుతో మనమే భాగించి చూసుకోవాలి. ఫోన్‌లో అర నిమిషం పని.

– ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే ముందు తేదీ చూడండి. గడువు దగ్గరపడ్డ సరుకు అక్కడికి రావడం మామూలే. పోయినేడు మలీద కోసం తెచ్చిన గోధుమపిండి పురుగు పట్టి సగం పారబోశాం, ప్రాణం ఉసూరుమంది.

– సత్తుకు కావలసిన పెసలు, నువ్వులు, పల్లీల ధర మీ వీధి కిరాణాలో అడిగి రాసుకోండి. మార్టులో అన్నీ చవక కావు.

– ర్యాక్ మీది ఆఫర్ ధర ఫోటో తీసుకోండి. ఆ ధర కంప్యూటర్‌లో ఎక్కకపోవచ్చు.

– బిల్లు కౌంటర్ దాటకముందే చూడండి. ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ వేస్తే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే చెప్పొచ్చు.

– సంచులు ఇంటి నుంచే.